గ్యాసు ధర, జనం జ్ఞాపకం

పెట్రోలు ధర పెరిగితే జనం బండి తియ్యడం తగ్గిస్తారు, ధర తగ్గితే మళ్ళీ తీస్తారు. ఇందులో కొత్తగా రాయడానికేముంది, ఎకనామిక్సు పుస్తకంలో మొదటి చాప్టరే కదా అంటారా? నిజమే. కానీ అమెరికాలో గత యాభై ఏళ్ళ లెక్కలు ముందేసుకుని కూచుంటే ఆ చాప్టరు అంత తిన్నగా నడవదు. ధర రెట్టింపైనా జనం పట్టించుకోని ఏళ్ళున్నాయి. ధర సగానికంటే కిందికి పడిపోయినా కార్లు ఇంటిముందే ఉండిపోయిన ఏళ్ళూ ఉన్నాయి. ఈ రెండూ ఎందుకు జరిగాయో చూద్దామనే ఈ టపా.

అమెరికా లెక్కలే ఎందుకంటే, ఎన్ని మైళ్ళు తిరిగారన్న లెక్క నెలనెలా కట్టి బయటపెట్టే దేశం అది. పైగా మన ఐటీ వాళ్ళలో చాలామందిమి మొదటిసారి సొంత కారు స్టీరింగు పట్టుకున్నది ఆ రోడ్ల మీదే. కాబట్టి ఇది కొంత మన కథ కూడా.

క్యూ నేర్పిన పాఠం

1973 అక్టోబరు 6న ఈజిప్టు, సిరియాలు ఇజ్రాయెల్ మీద యుద్ధం మొదలుపెట్టాయి. ఇజ్రాయెల్‌కి ఆయుధాలు పంపినందుకు అరబ్బు దేశాలు అమెరికాకి చమురు ఆపేశాయి. బారెల్ మూడు డాలర్ల దగ్గరున్న ముడిచమురు 1974 జనవరికల్లా పదకొండు దాటిపోయింది. ఇంతవరకు అందరికీ తెలిసిన కథే.

తక్కువమంది గమనించేది ఏంటంటే, బంకు దగ్గర ధర ఆ స్థాయిలో పెరగలేదు. 1973లో గాలను సగటున 39 సెంట్లు ఉన్న గ్యాసు 1974లో 53 సెంట్లయింది, అంతే. నిక్సన్ ప్రభుత్వం 1971 నుంచీ ధరల మీద కట్టడి పెట్టి ఉంది. ధరని పెరగనివ్వకపోతే ఏమవుతుంది? సరుకు దొరకదు. ధర చెయ్యాల్సిన పని క్యూ చేసింది. తెల్లవారకముందే బంకు ముందు కార్లు బారులు తీరేవి. మళ్ళీ దొరుకుతుందో లేదో అన్న భయంతో ముప్పాతిక ట్యాంకు ఉన్నవాడు కూడా క్యూలో నిలబడి రెండు గాలన్లు పోయించుకునేవాడు. దాంతో క్యూ ఇంకా పెరిగేది. సర్వరు నెమ్మదించిందని అందరూ రిఫ్రెష్ బటన్ నొక్కితే ఏమవుతుందో మనకి తెలుసు కదా, అదే అన్నమాట.

ఒరెగాన్ రాష్ట్రంలో గవర్నరు టామ్ మెకాల్ సరి-బేసి పద్ధతి పెట్టాడు. నంబరు ప్లేటు చివరి అంకెని బట్టి రోజు మార్చి రోజు గ్యాసు. బంకుల దగ్గర జెండాలు కట్టించాడు. పచ్చ జెండా ఉంటే అందరికీ పోస్తారు, ఎర్ర జెండా ఉంటే గ్యాసు లేదని. ఆదివారాలు అమ్మొద్దని నిక్సన్ బంకుల వాళ్ళని కోరాడు. 1974 జనవరి 2న దేశమంతా గంటకి 55 మైళ్ళ వేగపరిమితి చట్టం మీద సంతకం పెట్టాడు. అంతకుముందు చాలా రాష్ట్రాల్లో 70, 75 ఉండేది.

ఆ ఏడాది అమెరికా వాళ్ళు కారెక్కడం తగ్గించారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఏటా పెరుగుతూనే వచ్చిన మైళ్ళ లెక్క మొదటిసారి గట్టిగా వెనక్కి తిరిగింది. ఇంకో లెక్క కూడా పడిపోయింది. 1973లో రోడ్డు ప్రమాదాల్లో చచ్చిపోయినవాళ్ళు 54 వేలు, 1974లో 45 వేలు. ఒక్క ఏడాదిలో తొమ్మిది వేల ప్రాణాలు. వేగం తగ్గడం కొంత, తిరుగుడు తగ్గడం కొంత. అంతమందిని బతికిద్దామని ఎవరూ ఆ చట్టం చెయ్యలేదు. చమురు మిగిల్చుకుందామని చేశారు, మనుషులు కూడా మిగిలారు.

కారు కోసం కట్టిన ఊళ్ళో అల్లరి

1979లో ఇరాన్ విప్లవం వచ్చింది, క్యూలు మళ్ళీ వచ్చాయి. ఆ జూన్ నెలలో పెన్సిల్వేనియాలోని లెవిట్‌టౌన్‌లో గ్యాసు కోసం పెద్ద అల్లరే జరిగింది. ట్రక్కు డ్రైవర్లు డీజిల్ ధర మీద నిరసనగా కూడలిలో అడ్డం తిరిగారు, జనం పోగయ్యారు, కార్లు తగలబెట్టారు, పోలీసులు లాఠీలు ఎత్తారు.

ఆ ఊరి పేరు గుర్తుపెట్టుకోండి. లెవిట్‌టౌన్ మామూలు ఊరు కాదు. 1950ల్లో లెవిట్ కంపెనీ వాళ్ళు పొలాల్లో వేల ఇళ్ళు ఒకే మూసలో పోసినట్టు కట్టి అమ్మిన సబర్బు. ప్రతి ఇంటికీ చిన్న పెరడు, కారు పెట్టుకునే జాగా. ఉద్యోగం ఒకచోట, కొట్టు ఇంకోచోట, బడి మరోచోట. కారు లేకపోతే ఆ ఊళ్ళో బతుకే లేదు. అలాంటి చోట గ్యాసు దొరక్కపోవడమంటే ఖర్చు పెరగడం కాదు, కాళ్ళు విరిగిపోవడం. అల్లరి న్యూయార్కు మాన్‌హాటన్‌లో కాకుండా ఇక్కడ జరగడంలో ఆశ్చర్యమేముంది?

ఈ రెండో దెబ్బకి జనం అలవాట్లతో పాటు కార్లూ మారాయి. 1981కి గ్యాసు సగటున డాలరు ముప్పయ్యొక్క సెంట్లకి చేరింది. డెట్రాయిట్ వాళ్ళ పడవలాంటి కార్లు షోరూముల్లోనే ఉండిపోయాయి, సివిక్కులు, కరోలాలు అమ్ముడుపోయాయి. 1980 జనవరిలో క్రైస్లర్‌ని నిలబెట్టడానికి ప్రభుత్వం ఒకటిన్నర బిలియన్ డాలర్ల అప్పులకి హామీ ఉండాల్సొచ్చింది. 1981లో జపాను వాళ్ళని బతిమాలో బెదిరించో ఏడాదికి 16 లక్షల 80 వేల కార్లకి మించి పంపబోమని ఒప్పించారు. 1980 జనాభా లెక్కల్లో, పనికెళ్ళేవాళ్ళలో దాదాపు 20 శాతం మంది కార్‌పూల్లోనే వెళ్తున్నామని రాశారు. ప్రతి ఐదుగురిలో ఒకరు!

మర్చిపోవడం

1986లో చమురు ధర కూలిపోయింది. ఏం జరిగిందో వరసగా చూడండి. 1987లో ఊళ్ళ బయట హైవేల మీద 65కి ఒప్పుకున్నారు. 1995లో దేశవ్యాప్త వేగపరిమితినే ఎత్తేశారు. కార్‌పూల్ వాళ్ళు 1990కి 13 శాతం, 2000కి 12 శాతం అయ్యారు. ఒంటరిగా కారేసుకెళ్ళేవాళ్ళు 64 నుంచి 76 శాతానికి పెరిగారు.

ధర మర్చిపోయింది గానీ చట్టం అంత తొందరగా మర్చిపోదు. 1975లో ఫోర్డ్ అధ్యక్షుడిగా ఉండగా చేసిన చట్టం ప్రకారం 1985కల్లా కంపెనీ అమ్మే కార్ల సగటు మైలేజీ గాలనుకి 27.5 మైళ్ళుండాలి. మంచి చట్టమే. కానీ దానికో చిల్లు ఉంది. ట్రక్కులకి వేరే లెక్క, కార్లకంటే బాగా తక్కువ. ఎందుకంటే ట్రక్కులు రైతులూ మేస్త్రీలూ వాడుకునేవి కదా అనుకున్నారు. స్పెసిఫికేషన్‌లో ఇలాంటి ఎక్సెప్షన్ కేసు ఒకటి వదిలేస్తే సిస్టమంతా దాంట్లోంచే నడవడం మొదలవుతుంది. అక్కడా అదే జరిగింది. ట్రక్కు ఛాసిస్ మీద తోలు సీట్లు వేసి, ఏసీ పెట్టి, దానికి ఎస్‌యూవీ అని పేరుపెట్టి అమ్మారు. ఫోర్డు ఎక్స్‌కర్షన్ అయితే ఎంత బరువంటే, ఆ లెక్కల పరిధే దాటేసింది. దాని మైలేజీ ఎంతో అద్దం మీద అంటించాల్సిన అవసరం కూడా లేకపోయింది.

1998 చివర్లో గ్యాసు గాలను డాలరు దగ్గరుంది. మన వాళ్ళు వైటూకే పనుల మీద విమానాలు దిగిన కాలమది. క్యూల సంగతి తెలియని రోజుల్లో వచ్చి, గ్యాసంటే మంచినీళ్ళకంటే చవకన్న లెక్కతోనే అక్కడ ఇళ్ళు వెతుక్కున్న తరం అన్నమాట.

ధర పనిచెయ్యడం మానేసిన రోజులు

ఇక్కడో ఆసక్తికరమైన పరిశోధన గురించి చెప్పాలి. హ్యూస్, నిట్టెల్, స్పెర్లింగ్ అనే ముగ్గురు రెండు కాలాల్ని పోల్చారు. 1975-80 మధ్య గ్యాసు ధర పది శాతం పెరిగితే వాడకం కొద్ది నెలల్లోనే రెండు నుంచి మూడు శాతం పైచిలుకు తగ్గేది. 2001-06 మధ్య అదే పది శాతం పెరిగితే తగ్గింది ఒక్క శాతం కూడా లేదు, అరశాతం అటూఇటూ.

ఎందుకిలా? జనానికి బుద్ధి లేకనా? కాదు. ఒకటి, ఆదాయంలో గ్యాసు ఖర్చు వాటా తగ్గింది. రెండోది అంతకంటే పెద్దది. ఈ పాతికేళ్ళలో ఊళ్ళన్నీ లెవిట్‌టౌన్‌లయిపోయాయి. ఉద్యోగాలు కూడా డౌన్‌టౌన్ వదిలి హైవే పక్క ఆఫీసు పార్కుల్లోకి వెళ్ళాయి. బస్సు రాదు, నడవడానికి ఫుట్‌పాత్ ఉండదు. ఇల్లు చవగ్గా దొరికేదాకా ఊరి బయటికి పోతూనే ఉండటం అప్పటి పద్ధతి. అలా కొన్నవాడు ధర పెరిగిందని మానేసేది ఏముంది? ఆఫీసు మానెయ్యలేడు కదా. మానేస్తే ఆదివారం బీచి మానేస్తాడు.

అంటే ధర అనేది ఒక ప్రశ్న లాంటిది. జవాబు చెప్పడానికి ఇంకో దారి ఉండాలి. దారి లేనివాడు ఊరికే డబ్బు కట్టి ఊరుకుంటాడు.

2008: నాలుగు డాలర్ల వేసవి

2005లో కత్రీనా తుపాను తర్వాత గ్యాసు మొదటిసారి మూడు డాలర్లు దాటింది. 2008 జులైలో ముడిచమురు 147 డాలర్లు తాకింది, గ్యాసు దేశం సగటున 4 డాలర్ల 11 సెంట్లు. ఈసారి జనం కదిలారు. ఆ ఏడాది మే నెలలో హోండా సివిక్ ఫోర్డు పికప్ ట్రక్కుని దాటి అమ్ముడుపోయింది, దశాబ్దంన్నర పైగా జరగని వింత. యూటా రాష్ట్ర ప్రభుత్వం ఆగస్టు నుంచి ఉద్యోగులకి రోజుకి పది గంటల చొప్పున వారానికి నాలుగు రోజుల పని పెట్టింది (2011లో ఎత్తేశారు లెండి). బస్సులు, రైళ్ళలో ఆ ఏడాది 10.7 బిలియన్ ప్రయాణాలు జరిగాయి, అర్ధశతాబ్దంలో అంత రద్దీ లేదు.

నేను ఆ రోజుల్లో న్యూజెర్సీలో ఓ క్లయింటు దగ్గర పనిచేసేవాణ్ణి. అపార్టుమెంటు నుంచి ఆఫీసుకి ముప్ఫై మైళ్ళు. పాతిక మైళ్ళ మైలేజీ ఇచ్చే కారుకి రోజుకి రెండున్నర గాలన్లు కావాలి. నాలుగు డాలర్ల లెక్కన నెలకి రెండొందల పైన, రెండు డాలర్ల లెక్కన నూటపది. తేడా నెలకి వంద డాలర్లు. మా కాంప్లెక్సులో అదే ఆఫీసుకి వెళ్ళే తెలుగువాళ్ళం నలుగురం ఉండేవాళ్ళం. జులై నెలంతా నలుగురం నాలుగు కార్లేసుకుని ఒకే రోడ్డు మీద ఒకరి వెనక ఒకరు వెళ్ళాం. గ్యాసు ధర గురించి లంచ్ టేబుల్ దగ్గర తిట్టుకునేవాళ్ళం, సాయంత్రం ఎవరి కారు వాళ్ళం ఎక్కేవాళ్ళం.

సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ మునిగింది. అక్టోబరులో మా క్లయింటు కాంట్రాక్టర్లని తగ్గించడం మొదలుపెట్టింది. నవంబరులో ఒకాయన, నలుగురిలో పెద్దాయన, "తమ్ముడూ, రేపట్నుంచి ఒకే కారులో పోదామా? రెన్యూవల్ వచ్చేదాకా నేను రెండో కారు అమ్మేద్దామనుకుంటున్నా" అన్నారు. మర్నాటి నుంచి నలుగురం ఒకే కారు. అప్పటికి గ్యాసు ఎంతనుకుంటున్నారు? రెండు డాలర్లు!

నాలుగు డాలర్లప్పుడు కుదరని కార్‌పూలు రెండు డాలర్లప్పుడు కుదిరింది. మాకు ఆ నూరు డాలర్లు జులైలో ఒక హోటల్ డిన్నరు. నవంబరులో అది హెచ్-1 పోతే ఇంటికి టిక్కెట్లు కొనుక్కునే డబ్బులో భాగం.

దేశం లెక్కా మా కారు లెక్కలాగే ఉంది. డిసెంబరు ఆఖరుకి గ్యాసు డాలరు అరవై సెంట్లకి పడిపోయింది. ఎకనామిక్సు మొదటి చాప్టరు ప్రకారం జనం మళ్ళీ రోడ్డెక్కాలి. ఎక్కలేదు. 2007లో 3.03 ట్రిలియన్ మైళ్ళు తిరిగిన దేశం 2008లో 2.97 దగ్గరికొచ్చి, 2009లోనూ అక్కడే నిలబడిపోయింది. ఉద్యోగం లేనివాడు ఆఫీసుకి వెళ్ళడు, సరుకు అమ్ముడుపోకపోతే ట్రక్కు కదలదు. 2009లో బస్సులూ రైళ్ళూ ఎక్కేవాళ్ళు కూడా తగ్గారు చూడండి. చవక ప్రయాణానికి మారడం కాదది, ప్రయాణమే లేకపోవడం.

మళ్ళీ ఆ రెండో లెక్క. రోడ్డు మీద చావులు 2007లో 41 వేలు, 2009లో 34 వేల కంటే తక్కువ. మైళ్ళు తగ్గింది రెండు శాతం చిల్లర, చావులు తగ్గింది దాదాపు 18 శాతం. మాంద్యంలో ముందు తగ్గేవి కుర్రాళ్ళ తిరుగుళ్ళు, అర్ధరాత్రి బార్ల నుంచి ఇంటికి డ్రైవింగులు, దూరం షికార్లు. అంటే ప్రమాదం ఎక్కువున్న మైళ్ళే ముందు పోతాయి.

2009 వేసవిలో పాత కారు తుక్కుకిస్తే కొత్తదానికి డబ్బిచ్చే పథకం పెట్టారు. సుమారు మూడు బిలియన్ డాలర్లు కొద్ది వారాల్లో అయిపోయాయి. జనం ఎక్కువగా వదిలించుకున్నది ఫోర్డు ఎక్స్‌ప్లోరర్ ఎస్‌యూవీ, ఎక్కువగా కొనుక్కున్నది టొయోటా కరోలా. బుద్ధొచ్చిందనుకున్నారంతా.

బుద్ధి ఎన్నాళ్ళుంది?

ఆరేళ్ళు. 2014 చివర్లో చమురు ధర సగానికి పడింది. 2015లో మైళ్ళు పాత రికార్డు దాటేశాయి. 2018లో ఫోర్డు అయితే అమెరికాలో దాదాపు అన్ని సెడాన్లూ మానేస్తామని చెప్పేసింది. కొనేవాడు లేడు మరి.

2020 ఏప్రిల్ 20న చమురు ఫ్యూచర్స్ ధర సున్నా కంటే కిందికి, మైనస్ 37 డాలర్లకి వెళ్ళింది. కొనుక్కుంటే ఎదురు డబ్బిస్తారన్నా కారు తీసేవాడు లేడు. అందరం ఇళ్ళల్లో కూచుని జూమ్‌లో మాట్లాడుకుంటున్నాం. ఆ ఏడాది మైళ్ళు పది శాతం పైగా తగ్గినా, ఈసారి చావులు తగ్గలేదు, పెరిగి 38 వేలు దాటాయి. ఖాళీ రోడ్డు కనిపించేసరికి మిగిలినవాళ్ళు వేగం పెంచేశారు. 1974లో వేగానికి కళ్ళెం ఉంది, 2020లో లేదు. తేడా అదే. ధర, మాంద్యం ప్రాణాల్ని కాపాడతాయని నమ్ముకుంటే కుదరదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

2022 జూన్‌లో గ్యాసు సగటున ఐదు డాలర్లు దాటింది. అప్పుడు మన వాళ్ళలో చాలామందికి ఒక కొత్త దారి ఉంది: ఇంటినుంచి పని. పంతొమ్మిది వందల డెబ్బైల్లో కార్‌పూల్ చేసిన పనిని ల్యాప్‌టాప్ చేసింది. ఆ దారి లేని నర్సు, గోడౌన్లో షిఫ్టు చేసేవాడు మాత్రం మామూలుగానే ఐదు డాలర్లూ కట్టారు.

మన సంగతి

మన దేశంలో ఈ కథ ఇంకోలా నడిచింది. 1973లో పెట్రోలు ధర పెంచినందుకు వాజ్‌పేయి ఎద్దులబండి మీద పార్లమెంటుకి వచ్చారు. తర్వాత చాలాకాలం ధరని సర్కారే పట్టుకుని ఉంది. 2010 జూన్‌లో పెట్రోలుని వదిలేసి, డీజిల్ని మాత్రం 2014 అక్టోబరు దాకా వదల్లేదు. రైతు కోసం, లారీ కోసం అన్నారు. 2012 మే నెలలో ఢిల్లీలో పెట్రోలు 73 రూపాయలు దాటితే డీజిల్ 41 దగ్గరుంది. ఫలితం? ఆ సమయంలో అమ్ముడైన కార్లలో సగానికి పైగా డీజిల్ కార్లు! రైతు పేరు మీద ఇచ్చిన రాయితీతో మనం మాదాపూరు, గచ్చిబౌలి తిరిగాం. అమెరికా వాడి ట్రక్కు చిల్లు లాంటిదే ఇదీ. రాయితీ పోయి తేడా తగ్గగానే డీజిల్ మోజూ పోయింది. 2020 ఏప్రిల్ నుంచి మారుతి డీజిల్ కార్లే మానేసింది.

ఇంకో తేడా కూడా ఉంది. అమెరికాలో కేంద్రం పన్ను 1993లో గాలనుకి 18.4 సెంట్లు చేసి, తర్వాత మూడు దశాబ్దాలు ముట్టుకోలేదు. అందుకే చమురు పడితే బంకు ధరా పడుతుంది, జనం ఊగిపోతారు. మన దగ్గర 2020లో చమురు నేలకి దిగితే సుంకం పెంచారు, బంకు దగ్గర మనకి ఆ చవక కనపడనే లేదు. కష్టమే, కాదన్ను. కానీ లీటరుకి ఎంతిస్తుందని అడక్కుండా మనం బండి కొనకపోవడానికి కారణం కూడా అదే.

చివరగా

ఇదంతా చూశాక నాకు అర్థమైంది ఇది. ధర మన అలవాటుని కొన్ని నెలలు మారుస్తుంది. ఉద్యోగ భయం కొన్నేళ్ళు మారుస్తుంది. ఊరి ఆకారం జీవితాంతం మారుస్తుంది. మనం మాట్లాడుకునేది మాత్రం ఎప్పుడూ మొదటిదాని గురించే. అర్ధరూపాయి పెరిగితే వాట్సప్‌లో జోకులు పంపుకుంటాం.

హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల అవుటర్ రింగురోడ్డు ఉంది. దాని పక్కన, దాని అవతల గేటెడ్ కమ్యూనిటీలు చూస్తుంటే నాకు లెవిట్‌టౌన్ గుర్తొస్తోంది. గేటు లోపల అన్నీ ఉంటాయి, గేటు బయట బస్టాపు ఉండదు. చదరపు అడుగుకి వెయ్యి రూపాయలు తక్కువని అక్కడ కొంటున్నవాళ్ళు ఒక్క లెక్క వెయ్యండి. ఆఫీసుకి రాను పోను కిలోమీటర్లు, ఇంటికి ఎన్ని కార్లు, ఇరవై ఏళ్ళ లోను. పెట్రోలు ధర రేపు ఎంతుంటుందో చెప్పగలిగినవాడు లేడు, మీ ఇంటికీ ఆఫీసుకీ మధ్య దూరం మాత్రం రిజిస్ట్రేషన్ రోజునే ఖాయమైపోతుంది. మీతోపాటు మీ ఇంట్లో వంటకీ, అంట్లకీ వచ్చే అమ్మాయికి కూడా ఆ దూరం ఖాయమవుతుంది. ఆమెకి కారు లేదు, ఇంటినుంచి పని అంతకంటే లేదు.

ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు క్లబ్‌హౌసు తర్వాత చూడొచ్చు. ముందు గేటు బయటికొచ్చి బస్సు ఎక్కడ ఆగుతుందో అడగండి.